స్వరలేఖనము – స్వచ్ఛంద సేవ

సంగీతము వినుటకు చెవి చాలును. నేర్చుకొనుటకు గురువు కావలెను. గురువు గతించి, శిష్యుల జ్ఞాపకము మసకబారిన పిమ్మట ఆ పాట నిలుచుటకు మాత్రము లేఖనము కావలెను. ఈ సత్యమును గుర్తించియే సుబ్బరామ దీక్షితులవారు తమ వృద్ధాప్యమున 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అను మహాగ్రంథమును తెలుగు లిపిలో రచించిరి. అది 1904లో ఎట్టయపురమున అచ్చయినది. ముత్తుస్వామి దీక్షితులవారి కృతులను స్వరసహితముగా అందు పొందుపరచుటయే గాక, కంపితమునకు ఒక గుర్తు, జారునకు ఒక గుర్తు చొప్పున గమకములకు ప్రత్యేక చిహ్నములను వాడి, వాటి వివరణను కూడ గ్రంథమునందే చేర్చిరి. అందువలన నూట ఇరువది సంవత్సరములు గడచినను, తెలుగు చదువనేర్చి స్వరజ్ఞానము గలవారెవరైనను ఆ పుటలు తెరచి పాడుకొనవచ్చును. అందుకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఏ యంత్రముయొక్క సాయమును అక్కరలేదు.

నేడు సంగీతము వ్రాయువారిలో అనేకులు కాగితముపై గాక కంప్యూటరు మీద వ్రాయుచున్నారు. పాశ్చాత్య సంగీతములో ఇది సర్వసాధారణమైనది. అయిదు గీతల మీద స్వరములను పేర్చుటకు, వ్రాసినదానిని వెంటనే వాయించి వినిపించుటకు, వాద్యబృందములోని ఒక్కొక్కరికి వారి వారి భాగమును వేరుచేసి అచ్చు తీయుటకు ప్రత్యేకమైన సాఫ్టువేరులు ఉన్నవి. వాటిలో సుప్రసిద్ధమైనది 'ఫినాలే'. 1988లో వెలువడిన ఈ సాఫ్టువేరును ప్రపంచమందలి స్వరకర్తలు, ప్రచురణకర్తలు, సంగీతోపాధ్యాయులు దశాబ్దముల తరబడి వాడిరి. 2024 ఆగస్టు 26వ తేదీన దాని యజమానులైన 'మేక్‌మ్యూజిక్' కంపెనీవారు ఇకపై దానిని అభివృద్ధి చేయబోమని ప్రకటించిరి. అది ముప్పది అయిదేండ్ల చరిత్ర గల సాఫ్టువేరు.

ఈ ప్రకటన ఎంతమంది గుండెలలో రాయి వేసినదో ఊహించుకొనవచ్చును. ఒక స్వరకర్త జీవితకాలములో వ్రాసినదంతయు ఆ సాఫ్టువేరునకు మాత్రమే పూర్తిగా అర్థమగు ఫైళ్ళలో ఉన్నది. ఆ ఫైళ్ళు ఎక్కడికిని పోలేదు. కాని వాటిని తెరచు సాధనము మాత్రము కాలక్రమమున కొత్త కంప్యూటర్ల మీద పనిచేయకపోవచ్చును. ఒక సాఫ్టువేరునుండి మరియొకదానికి స్వరములను చేరవేయుటకు 'మ్యూజిక్ ఎక్స్.ఎమ్.ఎల్.' అను ఉమ్మడి రూపము ఉన్నది. దాని మొదటి ప్రమాణము 2004లో వచ్చినది. అది గొప్ప ఉపకారమే. అయినను, పుటమీద ప్రతి గుర్తును ఎక్కడ కూర్చుండబెట్టినదియు అట్లే చేరవేయుట దానికి సాధ్యము కాదు. వందల పుటలను తిరిగి సరిచూచుకొనవలసియే యుండును. ఇట్టి కలవరము అంతకు ముందును ఒకసారి కలిగినది. 2012లో 'సిబీలియస్' అను మరియొక ప్రసిద్ధ సాఫ్టువేరుయొక్క లండను కార్యాలయమును మూసివేసి, దానిని తీర్చిదిద్దిన బృందమును తొలగించినారు. ఆ సాఫ్టువేరు నిలిచినది గాని, దానిని నమ్ముకొన్న సంగీతజ్ఞులకు ఒక ప్రశ్న మిగిలిపోయినది: మన స్వరములను భద్రపరచు పెట్టె మూత మన చేతిలో ఉన్నదా, లేక ఇతరుల చేతిలో ఉన్నదా?

ఈ ప్రశ్నకు సమాధానముగా నిలిచినవే మూలము తెరచియుంచిన సాఫ్టువేరులు. వాటినే వాడుకలో 'ఓపెన్ సోర్సు' అనియు, స్వేచ్ఛా సాఫ్టువేరు అనియు అందురు. ఏ సాఫ్టువేరునకైనను రెండు రూపములుండును. మనుష్యుడు చదువుటకును దిద్దుటకును వీలగు భాషలో వ్రాయబడినది మూలరూపము. యంత్రము నడుపుటకు తగినట్లు మార్చబడినది రెండవ రూపము. సాధారణముగా వ్యాపార సంస్థలు మనకు రెండవదానిని మాత్రమే ఇచ్చును. మొదటిదానిని తమవద్దనే ఉంచుకొనును. సంగీతజ్ఞులకు తెలిసిన పోలిక చెప్పవలెనన్న, వీణ మెట్లు మైనముపై అమర్చబడి యుండును. మెట్టు కదలినచో మైనము కరగించి తిరిగి మేళము కట్టుకొనవచ్చును. అట్లుగాక పెట్టెకు సీలు వేసి, తెరచుట నేరమని చెప్పి అమ్మిన హార్మోనియములో ఒక రీడు శ్రుతి తప్పినచో దానిని చేసినవాని దయకొరకు ఎదురుచూడవలసినదే.

అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను శాస్త్రజ్ఞుడు 1983లో 'గ్నూ' అను ఉద్యమమును ప్రకటించి, 1989లో ఒక సార్వజనిక లైసెన్సును రచించెను. ఆ లైసెన్సు క్రింద వెలువడిన సాఫ్టువేరును ఎవరైనను ఏ పనికైనను వాడుకొనవచ్చును. దాని మూలమును చదువవచ్చును. ప్రతులు తీసి ఇతరులకు ఈయవచ్చును. మార్పులు చేసి పంచవచ్చును. నియమము ఒక్కటియే: పుచ్చుకొన్న స్వేచ్ఛను, పంచునపుడు పుచ్చుకొనువారికిని ఇచ్చి తీరవలెను. ఇందులో స్వేచ్ఛ అనునది వేరు, ఉచితము అనునది వేరు. మన భాషలో ఈ రెండింటికి రెండు మాటలున్నవి గనుక ఈ భేదము మనకు సులభముగా బోధపడును.

సంగీతరంగమున ఇట్టి సాఫ్టువేరులలో మూడింటిని పరిచయము చేసెదను. మొదటిది 'లిలీపాండ్'. నెదర్లాండ్సు దేశమునకు చెందిన హాన్‌వెన్ నీన్‌హౌస్, యాన్ నీవెన్‌హౌజెన్ అను ఇరువురు 1996లో దీనిని ప్రారంభించిరి. పూర్వము ఐరోపాలో స్వరలిపిని అచ్చు వేయునపుడు నిపుణులైన పనివారు లోహపు పలకలపై చిన్న అచ్చుముద్దలతో ఒక్కొక్క స్వరమును కొట్టి చెక్కెడివారు. కాడ పైకి ఉన్న స్వరము, క్రిందికి ఉన్న స్వరము పక్కపక్కన వచ్చినపుడు కొలబద్దకు దూరము సమానమేయైనను కంటికి అసమానముగా తోచును. ఆ పనివారు కంటిని నమ్మి దానిని సవరించెడివారు. 1950లో చేతితో చెక్కి అచ్చు వేసిన బాఖ్ సెల్లో కృతుల పుటను, 2000 నాటి కంప్యూటరు పుటను పక్కపక్కన పెట్టి, రెండవది ఏల నిర్జీవముగా ఉన్నదో లిలీపాండ్‌వారు తమ వ్యాసములో వివరించిరి. ఆ ప్రాచీన హస్తకౌశలమును నియమములుగా మార్చి యంత్రమునకు నేర్పుటయే వారి పూనిక.

లిలీపాండ్‌లో బొమ్మలు గీయుట లేదు. స్వరమునకు అక్షరము, కాలప్రమాణమునకు అంకె చొప్పున మామూలు ఉత్తరము వలె వ్రాసికొనిపోవుటయే. సాఫ్టువేరు దానిని చదివి అందమైన పుటగా తీర్చును. ఇందలి విశేషమేమనగా, ఆ మాతృకను ఏ కంప్యూటరు మీదనైనను, ఏ సాదా ఎడిటరుతోనైనను తెరచి చదువవచ్చును. లిలీపాండ్ రేపు లేకపోయినను వ్రాసిన స్వరములు కంటికి కనబడుచునే యుండును. 2000లో ఆరంభమైన 'మ్యుటోపియా' అను ప్రయత్నములో స్వచ్ఛంద సేవకులు కాపీహక్కు తీరిన కృతులను ఈ విధముగానే వ్రాసి, రెండు వేలకు పైగా రచనలను అందరికి అందుబాటులో ఉంచిరి.

రెండవది 'మ్యూజ్‌స్కోర్'. వెర్నర్ ష్వీర్ అను జర్మను ప్రోగ్రామరు 2002లో దీనికి అంకురార్పణ చేసెను. అయిదు గీతలను తెరపైననే చూచుచు, మౌసుతోను కీబోర్డుతోను స్వరములు పేర్చు సాఫ్టువేరిది. తొలి పూర్తి ప్రతి 2011లోను, నాలుగవది 2022 డిసెంబరులోను వెలువడినవి. మూడవది 'ఆడాసిటీ'. ఇది లేఖనమునకు గాక ధ్వనిముద్రణకు సంబంధించినది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డామినిక్ మజోనీ అను విద్యార్థి, రోజర్ డానెన్‌బర్గ్ అను ఆచార్యుడు 1999లో ప్రారంభింపగా 2000లో లోకమునకు అందినది. పూర్వము రేడియో కేంద్రములలో ధ్వనిముద్రణమును సవరించుట యనగా టేపును బ్లేడుతో కోసి, అక్కరలేని ముక్కను తీసివేసి, తిరిగి అంటించుట. ఇప్పుడు ధ్వని తరంగమును తెరపై చూచుచు ఆ పని చేయవచ్చును. అమ్మమ్మ పాడిన మంగళహారతుల పాత క్యాసెట్టు ఇంటిలో ఉన్నవారు దానిని కంప్యూటరులోనికి ఎక్కించి, పాటలేని చోట వినవచ్చు బుసను ఆడాసిటీకి నమూనాగా చూపినచో, అది ఆ బుస స్వభావమును గ్రహించి పాటయంతటను దానిని తగ్గించును.

ఇంతవరకు చెప్పినది సాఫ్టువేరుల సంగతి. అసలు చెప్పదలచినది వేరొకటి. స్వేచ్ఛ ఉన్నంత మాత్రమున పని జరుగదు. ఈ సాఫ్టువేరులను ఎవరును మూసివేయజాలరని లైసెన్సు హామీ ఇచ్చుచున్నది. కాని ఎవరైన ఒకరు వాటిని కనిపెట్టుకొని యుందురని ఏ లైసెన్సును హామీ ఈయదు. కంప్యూటర్లు మారుచుండును, వాటిని నడిపించు వ్యవస్థలు మారుచుండును. ఆ మార్పులకు తగినట్లు నిత్యము దిద్దుచుండనిచో తెరచియున్న మూలము కూడ అయిదారేండ్లలో పనికిరాక పోవచ్చును. ఊరుమ్మడి చెరువు ఎవరి సొంతము కాదు గనుక ఎవరును అమ్ముకొనలేరు. కాని పూడిక తీయు చేతులు లేనిచో అది చెరువుగా మిగులదు.

ఆ పూడిక తీయువారే స్వచ్ఛంద సేవకులు. వీరందరును ప్రోగ్రాములు వ్రాయు ఇంజనీర్లేయని పలువురు అనుకొందురు. అది పొరపాటు. ఈ సేవలో పెక్కు భాగము సంగీతము తెలిసినవారు మాత్రమే చేయదగినది.

మొదటి సేవ దోషమును కనిపెట్టి తెలియజేయుట. ఒక పంక్తి చివరి స్వరమును తరువాతి పంక్తికి కలుపు వంపుగీత సాహిత్యాక్షరముల మీద పడుచున్నదనుకొందము. 'మీ సాఫ్టువేరు పాడైపోయినది' అని వ్రాసినచో ఎవరికిని ప్రయోజనము లేదు. వైద్యుని వద్దకు పోయి 'ఒంట్లో బాగులేదు' అని ఊరకున్నట్లే యగును. ఎన్నవ ప్రతిని ఏ కంప్యూటరు మీద వాడినదియు, ఏమేమి వరుసగా చేసినదియు, ఏమి జరుగునని ఆశించినదియు, వాస్తవముగా ఏమి జరిగినదియు చెప్పవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, రెండు వందల పుటల రచనను పంపుటకు బదులు, అదే దోషమును చూపు రెండు మూడు గతుల చిన్న ఉదాహరణమును కూర్చి పంపవలెను. లిలీపాండ్ సేవకులు ఇట్టి అతిచిన్న ఉదాహరణములనే కోరుదురు. దానిని కూర్చుటలోనే సగము రోగనిర్ణయము జరిగిపోవును.

దోషమును దిద్దిన తరువాత కూడ ఆ చిన్న ఉదాహరణము వ్యర్థము కాదు. అట్టివి లిలీపాండ్‌లో వేయికి పైగా పోగుపడి యున్నవి. ఎవరైన మూలములో కొత్త మార్పు చేసినపుడెల్ల వాటినన్నిటిని తిరిగి అచ్చు తీయించి, మార్పుకు ముందటి బొమ్మలను తరువాతి బొమ్మలతో పోల్చి చూతురు. ఒకచోట మేలు చేయబోయి మరియొకచోట కీడు చేయకుండుటకు ఇది కాపు. ఆ బొమ్మలలోని తేడా దోషమా, గుణమా అని తీర్పు చెప్పవలసినది మాత్రము స్వరలిపి ఎరిగిన కన్నే.

రెండవ సేవ వాడుక గ్రంథములు వ్రాయుట. సాఫ్టువేరు వ్రాసినవానికి అది ఎట్లు పనిచేయునో తెలియును. నేర్చుకొనువానికి ఎక్కడ అడుగు తడబడునో తెలియదు. పది మందికి పాఠము చెప్పిన సంగీతోపాధ్యాయునికి అది తెలియును.

మూడవది అనువాదము. ఇది చిత్రమైన పని. 'రెస్టు' అనగా స్వరములేని కాలమని తెలియనివాడు దానిని విశ్రాంతి అని వ్రాయును, విరామమని వ్రాయడు. 'ఫ్లాట్' అనగా కోమలస్వరమని ఎరుగనివాడు ఏ గృహనిర్మాణ పథకమునో తలచుకొనును. 'స్కేలు' అన్న మాటకు కొలబద్ద అని వ్రాయును. ఇక 'కీ' అను మాటకు ఒకే సాఫ్టువేరులో కీబోర్డు మీట అనియు, రాగాధారమైన శ్రుతి అనియు రెండర్థములు రావచ్చును. రెండు భాషలతో బాటు సంగీతమును ఎరిగినవారికి గాని ఈ పని అప్పగింపరాదు. తెలుగులో కంప్యూటరు పనిచేయవలెనని కృషి చేసి, తెలుగు ఆపరేటింగు సిస్టమును రూపొందించిన 'స్వేచ్ఛ' వంటి సంస్థల అనుభవము మనకు ఉన్నది. సంగీతపు సాఫ్టువేరులకు ఆ అనుభవముతో బాటు వీణ, వయొలిను వాయించువారి సహకారమును కావలెను.

ఈ సేవవలన ఏమి ఒనగూడునో అంధుల విషయములో స్పష్టముగా కనబడును. లూయీ బ్రెయిల్ స్వయముగా ఆర్గను వాద్యకారుడు. 1829లో ఆయన ప్రకటించిన తొలి పుస్తకములోనే అక్షరములతో బాటు సంగీతమునకును చుక్కల లిపిని ఏర్పరచెను. కాని బ్రెయిల్ స్వరప్రతులను తయారుచేయుట శ్రమతో కూడినది. అవి ఎల్లప్పుడును కొరతగానే ఉండినవి. 2012లో కిమికో ఇషిజాకా అను పియానో విద్వాంసురాలు బాఖ్ 'గోల్డ్‌బర్గ్' కృతిని వాయించి, మ్యూజ్‌స్కోర్‌లో కూర్చిన స్వరప్రతితో సహా లోకమునకు హక్కులు విడిచి దానము చేసిరి. ఆ వెనుక బాఖ్‌దే మరియొక గ్రంథమునకు పూనుకొని ప్రజలనుండి చందాలు పోగుచేయునపుడు, అంధులకు బ్రెయిల్ ప్రతులు అందించుటయు ఒక లక్ష్యమైనది. 2015లో వచ్చిన మ్యూజ్‌స్కోర్ రెండవ ప్రతి, తెరపై ఉన్నదానిని చదివి వినిపించు 'ఎన్.వి.డి.ఎ.' అను సాఫ్టువేరుతో కలసి పనిచేయ నారంభించినది. ఆ ఎన్.వి.డి.ఎ. కూడ మూలము తెరచియుంచినదే. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధ యువకుడు తన వంటివారి కొరకు దానిని ప్రారంభించెను. 2023లో వెలువడిన మ్యూజ్‌స్కోరు ప్రతిలో, స్వరమును ఎంచుకొనగానే దాని బ్రెయిల్ రూపము కనబడు ఏర్పాటు వచ్చినది. చూపులేనివారు వచ్చి తమకు కావలసినదేమో చెప్పి, పరీక్షించి, తప్పులు చూపి యుండనిచో చూపు గలవారికి ఈ సంగతి తోచుటయే కష్టము.

ఇట్టిదే మరియొక నిదర్శనము కలదు. లిలీపాండ్ పుట్టినది పాశ్చాత్య సంగీతము కొరకు. అందు రెండు స్వరముల నడుమ అర్ధస్వరమే కనిష్ఠము. తుర్కీ శాస్త్రీయ సంగీతములో పూర్ణస్వరమును తొమ్మిది 'కోమా'లుగా విభజింతురు. అరబ్బు సంగీతములో పావుస్వరములు వచ్చును. ఆ సంగీతములను ఎరిగినవారు పూనుకొనుటవలన ఆ స్వరముల పేర్లు, వాటి గుర్తులు లిలీపాండ్‌లో చేరినవి. వాడుక గ్రంథములో ఆ సంగీతములకు వేరు వేరు ప్రకరణములే ఏర్పడినవి.

ఈ మాట వినగానే మన సంగీతపు గతి ఏమి అను ప్రశ్న సహజముగా పుట్టును. పాటకు తెలుగు సాహిత్యమును అయిదు గీతల క్రింద అక్షరమక్షరముగా కూర్చుట ఇప్పటికే సాధ్యము. కాని మన స్వరలేఖనమునకు మన అవసరములు ఉన్నవి. తారస్థాయి స్వరమునకు పైన చుక్క, మంద్రస్థాయి స్వరమునకు క్రింద చుక్క పెట్టుట మన సంప్రదాయము. 'స' మీద చుక్క పెట్టుట తేలిక. 'రి' మీద గుడి ఉన్నది; 'ని' మీదను అంతే. గుడిని తాకకుండ, పై పంక్తితో కలియకుండ ఆ చుక్క ఎక్కడ కూర్చుండవలెను? ఇది అక్షరముల అచ్చును తీర్చు ఫాంటు పని. ఆ ఫాంటును పంక్తిలో అమర్చు సాఫ్టువేరు పని. చుక్క తప్పుచోట పడినదని తెలుగు రాని ఇంజనీరు ఎట్లు గుర్తింపగలడు? చుక్క తప్పిన స్వరము స్థాయి తప్పునని సంగీతము రాని తెలుగువాడు ఎట్లు గుర్తింపగలడు?

గమకముల విషయము ఇంకను సూక్ష్మము. ఒకే గాంధారము ఒక రాగమున నిశ్చలముగా నిలుచును, మరియొక రాగమున ఊగును. యంత్రము వ్రాసిన స్వరమును వ్రాసినట్లు వాయించినచో అది మన చెవికి రాగముగా వినబడదు. సుబ్బరామ దీక్షితులవారు ఏర్పరచిన గమక చిహ్నముల వంటివాటిని కంప్యూటరులో స్వరముతో బాటు నిలుపవలెనన్న, ఏ చిహ్నము స్వరమునకు ఏ వైపున రావలెనో, ఒకే స్వరమునకు రెండు చిహ్నములు వచ్చినపుడు ఏది ముందో, ఏది వెనుకయో విడమరచి చెప్పు విద్వాంసులు కావలెను. తుర్కీవారు, అరబ్బులు తమ సంగీతమునకు చేసికొన్న పనిని మనకు మరియొకరు చేసిపెట్టుదురని కూర్చుండుట న్యాయము కాదు.

ఈ మార్గము పూలబాట అని చెప్పుట సత్యము కాదు. కోరికలు వేలు, చేతులు పదులు. పగటి ఉద్యోగము ముగించుకొని రాత్రి కూర్చున్న సేవకునికి ధన్యవాదములకంటె నిష్ఠురములే ఎక్కువగా వచ్చుచుండును. ఒకరు పంపిన సవరణను మరియొకరు చదివి పరీక్షించి గాని చేర్చుకొనరు. అందుకు వారములు పట్టవచ్చును. కొత్తవారికి అది అవమానమని తోచవచ్చును. అందుచేత అలసి విరమించువారును కలరు. జీవనోపాధి ప్రశ్న మరియొకటి. 'ఆర్డర్' అను ధ్వనిముద్రణ సాఫ్టువేరు కర్త పాల్ డేవిస్ దానికి ఒక ఉపాయము కనుగొనెను. మూలము అందరికిని తెరచియే యుండును. తయారైన ప్రతి కావలసినవారు తోచిన రుసుము చెల్లింతురు.

సంస్థలు ప్రవేశించినపుడును చిక్కులు రావచ్చును. మ్యూజ్‌స్కోర్‌తో బాటు ఆడాసిటీ కూడ నేడు 'మ్యూజ్ గ్రూపు' అను సంస్థ పోషణలో ఉన్నది. దానివలన జీతము తీసికొని పూర్తికాలము పనిచేయు నిపుణులు వచ్చిరి, పని వేగమైనది. కాని 2021లో ఆడాసిటీని ఆ సంస్థ తీసికొన్న వెంటనే, వాడువారి వినియోగపు వివరములను సేకరించు ఏర్పాటు నొకదానిని ప్రతిపాదింపగా తీవ్రమైన ఆక్షేపణలు వచ్చినవి. ఆ ప్రతిపాదనను వారు విరమించుకొనిరి. ఇందు గమనింపదగినది యేమనగా, మూలము తెరచి యున్నది గనుకనే ఆ ప్రతిపాదన పదిమంది కంట పడినది. ఒకవేళ సంస్థ మాట విననిచో, ఆ మూలమునే తీసికొని వేరుపడి నడుపుకొను హక్కు కూడ సేవకులకు ఉన్నది. ఆ హక్కును వాడుకొను పరిస్థితి ఎన్నడును రాకపోవచ్చును. కాని అది ఉన్నదన్న ఎరుకయే ఉభయులను మర్యాదలో ఉంచును.

మన ఇండ్లలో సంగీతము నేర్చుకొను పిల్లలున్నారు. కంప్యూటరు చదువులు చదువు యువకులున్నారు. ఉద్యోగవిరమణ చేసిన సంగీతోపాధ్యాయులున్నారు. ముగ్గురును ఒకే ఇంటిలో ఉండుటయు అరుదు కాదు. వీరు వారమునకు ఒక్క సాయంకాలము కలసి కూర్చున్నను చేయదగిన పని ఎంతయో కలదు. మొదట ఈ సాఫ్టువేరులలో ఒకదానిని తెచ్చుకొని, తమకు వచ్చిన ఒక గీతమునో, స్వరజతినో అందు వ్రాసి చూడవలెను. ఎక్కడ చిక్కువడినదో కాగితముపై గుర్తించుకొనవలెను. అదే చిక్కును ఇదివరకే మరియొకరు తెలిపియున్నారేమో వెదకవలెను. తెలిపియున్నచో తమ ఉదాహరణమును దానికి జతచేయవలెను. లేనిచో పైన చెప్పిన పద్ధతిలో తామే తెలుపవలెను. తెలుగు అనువాదములో ఒక తప్పు మాటను దిద్దుటయు సేవయే. మూలములో చేయి పెట్టుట అటుపిమ్మట తానుగా వచ్చును.

అట్టి సవరణ ఒకటి స్వీకరింపబడినచో, ఎవరు ఎన్నడు ఏమి మార్చినదియు ఆ సాఫ్టువేరు చరిత్రలో నమోదై యుండును. దానివలన ధనము రాదు, సన్మానము జరుగదు. కాని ఎక్కడో ఒక బాలిక తన ఇంటి కంప్యూటరు మీద మోహన వర్ణమును వ్రాసికొనునపుడు, తారస్థాయి రిషభము మీది చుక్క దాని చోట అది సరిగా కూర్చుండును. ఆ చుక్క వెనుక ఒకరి శ్రమ ఉన్నదని ఆమెకు తెలియదు, తెలియనక్కరయు లేదు. ఆమె తన పాట పాడుకొనును.